రాణీ రాసమణి: ఒక కావలినౌక చరిత్రము

యుద్ధనౌకల చరిత్రములనిన బాలవృద్ధులకును కుతూహలమే. ఏ నౌక ఏ సముద్రమున శత్రువు నెదిర్చినది, ఎన్ని ఫిరంగులు మ్రోగినవి, ఎవరు గెలిచిరి అను సంగతులను మా విద్యార్థులు పాఠములకంటె శ్రద్ధగా కంఠస్థము చేయుదురు. కావలినౌక కట్టి భాగ్యము లేదు. రాత్రియంతయు వీధుల తిరిగి తెల్లవారుజామున ఇల్లు చేరు తలారికి చరిత్రకారు డెవడు? దొంగ రాని రాత్రి వాని దినచర్యలో వ్రాయదగిన విశేష మేమియు నుండదు. కాని ఊరిజనులు నిర్భయముగా నిదురించుట వాని శ్రమఫలమే. సముద్రతీరమును కాయు నౌకల విషయమును నిట్టిదే. అట్టివానిలో నొకదాని చరిత్రమును నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

ఆ నౌక పేరు 'రాణీ రాసమణి'. విశాఖపట్టణపు హిందూస్థాన్ షిప్‌యార్డునందు నిర్మింపబడి, 2018 జూన్ మాసమున భారత తీరరక్షకదళమున, అనగా జనులు కోస్టుగార్డు అని పిలుచు దళమున, చేరినది. పెద్ద నౌక కాదు. పొడవు 51 మీటర్లు మాత్రమే. తీరమునకు మిక్కిలి దూరము పోక, గట్టు కనుచూపు మేరలో నున్నట్లే తిరుగుచు కావలి కాయుట దాని పని. దీని కథలో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. దీనిని నిర్మించినవా రెవరు? ఇది ఎవరిని కాచినది? ఇది ధరించిన పేరునకు తగిన పని జరుగుచున్నదా? మూడవ ప్రశ్నయే మాకు ముఖ్యము. కాని మొదటి రెండింటిని విచారింపక దానికి ప్రత్యుత్తరము చెప్పజాలము.

సంగారెడ్డిలో కూర్చుండి సముద్రనౌకను గూర్చి వ్రాయుట యేల యని కొంద రడుగవచ్చును. మా యూరి బాలురలో సముద్రము చూచినవారు పదిమందికి ఒక్కరుందురో లేదో. మంజీరానదియు, సింగూరు జలాశయమును వారెఱిగిన పెద్ద నీరు. ఆ మంజీర కందకుర్తికడ గోదావరిలో కలియుననియు, గోదావరి బంగాళాఖాతమున చేరుననియు భూగోళపాఠమున చెప్పుదుము. వారు పటముపై నీలిగీత వెంబడి వ్రేలు పోనిచ్చి చూతురు. సముద్రముతో తమ సంబంధము అంతటితో సరియని వారి యభిప్రాయము. కాని రాణీ రాసమణి ముందుభాగమున నిలిచియున్న తుపాకికి పుట్టినిల్లు మా జిల్లాయే.

సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారమున నొక ఆయుధకర్మాగారము కలదు. దానికి 1984లో శంకుస్థాపన జరిగినది. అప్పుడీ ప్రదేశము మెదకు జిల్లాలోని దగుటచే 'మెదకు ఆర్డినెన్సు ఫ్యాక్టరీ' యను పేరు వచ్చినది. 2016లో సంగారెడ్డి వేఱు జిల్లా యైనను ఆ పేరు నిలిచియేయున్నది. 2021 అక్టోబరు 1 నుండి ఈ కర్మాగారము 'ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్' అను ప్రభుత్వసంస్థ క్రిందకు వచ్చినది. పదాతిసైనికులను మోసికొని పోవు 'సారథ్' అను కవచశకటములు ఇచ్చట తయారగును. ఆ శకటముపై నుండు 30 మిల్లీమీటర్ల తుపాకిని నౌకపై నిలుపుటకు తగినట్లు మార్చిన రూపమునకు 'సి.ఆర్.ఎన్. 91' అని పేరు. అది నిమిషమునకు అయిదువందలకు పైగా గుండ్లు ప్రేల్చగలదు. నాలుగు కిలోమీటర్ల దూరము వఱకు కొట్టగలదు. ఈ తుపాకినే రాణీ రాసమణికి అమర్చిరి. ఎద్దుమైలారపు కార్మికుల బిడ్డలు మా తరగతులలో చదివిరి. తమ తండ్రులు సైన్యమునకు బండ్లు చేయుదురని వారు గర్వముతో చెప్పుదురు. సముద్రము మీదికి పోవు తుపాకిని గూర్చి వారికెవరును చెప్పియుండలేదు. మెట్టనేలపై నొక కార్మికుడు బిగించిన మర విశాఖ యలలమీద పనికి వచ్చుచున్నదని తెలిసినప్పుడు ఆ బిడ్డలకు పటములోని నీలిరంగు మఱింత దగ్గఱ యగును.

ఇక ఈ నౌక చేరిన దళము పుట్టుకను గూర్చి కొంత చెప్పవలెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దాదాపు ముప్పదేండ్లు మనకు ప్రత్యేకముగా తీరమును కాయు దళము లేదు. నౌకాదళమే ఆ పనియు చూచుచుండెను. దొంగసరకును పట్టుకొనుటకు కస్టమ్సువారు తమ పడవలతో ప్రయత్నించుచుండిరి. సముద్రమార్గమున దొంగరవాణా ప్రబలగా, 1974లో కె. ఎఫ్. రుస్తంజీ గారి యధ్యక్షతన నొక సంఘము నియమింపబడి, శాంతికాలపు కావలికి వేఱొక దళము కావలెనని సూచించెను. 1976లో సముద్రమండలముల చట్టము వచ్చినది. తీరము నుండి 12 నాటికల్ మైళ్ల వఱకు మన దేశపు జలములు. 200 నాటికల్ మైళ్ల వఱకు గల సముద్రమున చేపలు మొదలగు సంపదపై మనకు హక్కు. నాటికల్ మైలనగా 1852 మీటర్లు. హక్కు పెరిగిన కొలది కాచువారి యవసరమును పెరిగెను. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికముగా దళము నెలకొల్పిరి. నౌకాదళ మిచ్చిన రెండు చిన్న ఫ్రిగేటులు, అయిదు కావలిపడవలు, వెరసి ఏడే దాని సర్వస్వము. 1978 ఆగస్టులో చట్టము వలన అది స్థిరపడినది.

ఆ దళము తన ధ్యేయవాక్యముగా 'వయం రక్షామః' అను సంస్కృతవాక్యమును గ్రహించెను. 'మేము కాపాడుదుము' అని యర్థము. ఇందు కర్త కలదు, క్రియ కలదు. కర్మ మాత్రము లేదు. ఎవరిని కాపాడుదురని వినువాని కొక ఆకాంక్ష మిగిలిపోవును. వ్యాకరణము చెప్పి బ్రతుకు మావంటివారికి ఇట్టి లోటు వెంటనే కంటికి తగులును. ఆ కర్మస్థానమున ఎవరిని నిలుపవలెనో దళపు చరిత్రమే చెప్పవలెను.

దళము పుట్టిన 1977వ సంవత్సరముననే నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. సుమారు పదివేలమంది మరణించిరని అధికారుల లెక్క. అంతకంటె చాల నెక్కువని పలువురి నమ్మకము. తీరపు పాకలలో నివసించు పేదలను ఆ నీరు మొదట పొట్టను బెట్టుకొన్నది. ఏడు నౌకలతో దేశపు తీరమున కంతటికి కావలి పట్టిన పసిదళము నాడు చేయగలిగినది స్వల్పము. తరువాతి కాలమున తుపాను జాడ ముందుగా కనిపెట్టు సాధనములు పెరిగినవి; సముద్రముపై నున్న జాలరులకు ఆ వార్త నందించి మరలించు పని తీరరక్షకదళమునకు ముఖ్యధర్మ మైనది. గాలి మాఱుచున్నదని తెలియగానే దళపు నౌకలును విమానములును పడవల దరికి పోయి, ఒడ్డు చేరుడని హెచ్చరించును. తెలుగుతీరము సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆ పొడవునను సముద్రమును నమ్ముకొన్న కుటుంబములకు ఈ హెచ్చరిక అన్నమువంటిది.

విశాఖపట్టణమున నౌకానిర్మాణము స్వాతంత్ర్యమునకు ముందే ఆరంభమైనది. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ స్థాపించిన కార్ఖానాకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు గారు శంకుస్థాపన చేసిరి. అచ్చట నిర్మించిన 'జల ఉష' అను నౌకను 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ గారు నీటిలోనికి దింపిరి. 1952లో ప్రభుత్వము ఆ కార్ఖానాను చేపట్టగా హిందూస్థాన్ షిప్‌యార్డు అను పేరు వచ్చినది. 2010లో అది రక్షణమంత్రిత్వశాఖ క్రిందకు మాఱినది.

తీరరక్షకదళము కొఱకు ఈ కార్ఖానా అయిదు కావలినౌకలను కట్టినది. అబ్బక్క, అవంతీబాయి, దుర్గావతి, గైదిన్లియు, రాసమణి అను అయిదుగురు రాణుల పేర్లు వానికి పెట్టిరి. రాణీ అబ్బక్క 2012 జనవరిలో దళమున చేరినది. కడపటిదైన రాణీ రాసమణి 2018 జూన్‌లో చేరినది. నడుమ ఆఱేండ్లకు పైగా గడచినవి. బరువైన సరకునౌకలు కట్టిన చేతులకు వేగనౌక కట్టుట వేఱొక విద్య. అట్లని ఆలస్యమును కప్పిపుచ్చుట చరిత్ర వ్రాయువానికి ధర్మము కాదు. మన దేశమున చేయగలమని చెప్పుకొనుటతో పాటు చెప్పిన వేళకు చేయగలమని చూపుటయు నేర్వవలసియున్నది.

నౌక నిర్మాణము మాత్రము మెచ్చదగినది. మూడు డీజెలు ఇంజనులు దీనిని నడుపును. సామాన్యనౌకకు వెనుక నీటిలో రెక్కలచక్రము తిరుగుచుండును. దీనికట్లు కాదు. అడుగుభాగమున నీటిని లోనికి పీల్చి, మిక్కిలి ఒత్తిడితో వెనుకకు చిమ్మగా నౌక ముందునకు దూకును. ఈ విధమున గంటకు 34 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 63 కిలోమీటర్లు పోగలదు. మితవేగముతో పోయినచో మఱల ఇంధనము పోసికొనక 1500 నాటికల్ మైళ్లు తిరుగగలదు. రెక్కలచక్రము వెలుపల లేకుండుట తీరప్రాంతమున రెండు విధముల మేలు. లోతు తక్కువైన నీటిలో పోవచ్చును. జాలరుల వలలు చక్రమునకు చుట్టుకొను భయము తగ్గును. ప్రాణరక్షణకై నీటిలో నీదులాడు మనుష్యుని దరికి పోవునప్పుడు కూడ అడుగున తిరుగు కత్తులు లేకుండుట మంచిదేకదా.

ఇక పేరు. అయిదుగురు రాణులలో ఉళ్లాల అబ్బక్క పోర్చుగీసువారితో పోరాడినది. గోండ్వానా దుర్గావతి 1564లో మొగలు సైన్యము నెదిర్చి ప్రాణము విడిచినది. రామ్‌గఢ్ అవంతీబాయి 1857 నాటి సమరమున కత్తి పట్టినది. నాగాకన్య గైదిన్లియు ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడి ఏండ్లకొలది చెఱసాలలో నుండినది. రాసమణి యుద్ధరంగము నెఱుగదు. ఆమె 1793లో వంగదేశమున హాలీసహర్ సమీపపు కోన గ్రామమున, అగ్రవర్ణములవారు తక్కువగా చూచు కులమున, పేదయింట పుట్టినది. కలకత్తా జాన్‌బజారు ధనికుడు రాజచంద్రదాసు నామెను వివాహమాడెను. 1836లో భర్త మరణింపగా, విధవ మూల గదిలో నుండవలెనను లోకరీతిని కాదని, ఆ గొప్ప యాస్తిని తానే చక్కబెట్టుకొన్నది.

గంగానదిలో చేపలు పట్టు జాలరులపై కంపెనీ ప్రభుత్వము పన్ను విధింపగా వారామెకు మొఱపెట్టుకొనిరట. ఆమె పదివేల రూపాయలు చెల్లించి, ఘుసుడీ మొదలు మటియాబుర్జు వఱకు గల నదీభాగమును ప్రభుత్వము కడనే ఇజారాకు పుచ్చుకొని, రెండు కొసలను ఇనుపగొలుసులు కట్టించెను. కంపెనీ నౌకలు నిలిచిపోయెను. అధికారు లడుగగా, ఇజారాదారుగా తన జాలరుల చేపలవేటను కాపాడుకొను హక్కు తనకు గలదనియు, నౌకల సందడికి చేపలు చెదరిపోవుచున్నవనియు ఆమె సమాధానము పంపెను. కడకు ప్రభుత్వము పన్నును ఎత్తివేసినదని ఆమె చరిత్రమున చెప్పుదురు. చట్టమును చట్టముతోనే కట్టివేసిన యువతి ఆమె! 1855లో దక్షిణేశ్వరమున ఆమె కాళికాలయము కట్టించినప్పుడు, కులము పేర పండితులు పూజకు సమ్మతింపలేదు. రామకుమార చట్టోపాధ్యాయుడు శాస్త్రసమ్మతమైన దారి చూపి తానే అర్చకుడుగా వచ్చెను. ఆయన తమ్ముడే శ్రీరామకృష్ణ పరమహంస. 1861లో రాసమణి పరమపదించినది.

జాలరుల కొఱకు నౌకలను నిలిపివేసిన స్త్రీ పేరును ఒక నౌకకు పెట్టుటలో నొక వింత కలదు. ఆ పేరు ధరించిన నౌక ఆమె కొలతకు సరిపోవలెను. ఆమె కొలత జాలరి.

నౌక దళమున చేరి పదునాలుగు నెలలు గడచినవి. 2019 ఆగస్టు 12న విశాఖపట్టణపు రేవు వెలుపల 'కోస్టల్ జాగ్వార్' అను సహాయనౌకలో మంటలు చెలరేగెను. అందు 29 మంది పనివారుండిరి. మంటల వేడికి తాళలేక వారు సముద్రమున దూకిరి. వార్త అందిన వెంటనే రాణీ రాసమణిని అచ్చటికి పంపిరి. ఇతర పడవలును తోడ్పడినవి. 28 మందిని నీటి నుండి పైకి తీసిరి; ఒక్కడు కానరాలేదు. తీసినవారిలో పలువురు కాలిన గాయములతో ఆసుపత్రికి చేరిరి. గంటకు 63 కిలోమీటర్ల వేగము, నీటిని చిమ్ము యంత్రము అని పైని వ్రాసిన మాటల కన్నిటికి ఆ దినమున అర్థము తెలిసినది. ఎద్దుమైలారపు తుపాకి ఆనాడు మౌనముగా నుండినది. ఆ మౌనము తుపాకికి అవమానము కాదు. కావలినౌకపై నుండు తుపాకి ప్రేలక గడచిన దినములే యెక్కువగా నుండవలెను.

ఆ దినము ఆ యిరువదియెనిమిది కుటుంబములకు ఎట్టిదో ఊహింపవచ్చును. ఆ పనివారు రాజులు కారు, సేనానులు కారు. నెలజీతమునకు నౌకలో పనిచేయువారు. యుద్ధచరిత్రలలో నిట్టివారి ప్రాణములు సంఖ్యలుగా కూడ కనబడవు. కావలినౌక చరిత్రమున వీరే ముఖ్యపాత్రలు. 'వయం రక్షామః' అను వాక్యమున కర్మస్థానమునకు వీరిని తెచ్చి నిలిపినచో వాక్యమునకు నిండుదనము వచ్చును.

అయితే జాలరి మాట ఇంకను తేలవలసియున్నది. 2008 నవంబరు 26న బొంబాయిపై దాడి చేసిన హంతకులు గుజరాతునకు చెందిన 'కుబేర్' అను చేపలపడవను అపహరించి, దానిపై వచ్చిరి. ఆ పిమ్మట తీరజలముల కావలిభారము తీరరక్షకదళముపై మఱింత హెచ్చుగా మోపబడెను. జాలరులకు గుర్తింపుచీట్లు, పడవలకు నమోదులు, నడిసముద్రమున తనిఖీలు పెరిగినవి. ఇవి యవసరములే. కాని ఒకే మనుష్యుడు కావలివానికి రక్షింపదగినవాడును, అనుమానింపదగినవాడును అయినాడు. నౌక దరికి వచ్చునప్పుడు జాలరి గుండె ధైర్యముతో నిండవలెనా, భయముతో కొట్టుకొనవలెనా? తీరమున ఏ క్రొత్త పడవ కనబడినను మొదట చూచువాడు జాలరియే. వాని నమ్మకము లేనిదే ఎన్ని నౌకలు తిరిగినను తీరమునకు కన్నులు లేనట్లే. రాసమణి గంగకు గొలుసు కట్టినది జాలరుల మాట విన్న తరువాత. అట్లు ముందు వినుట ఆ పేరు ధరించిన నౌకకు తగిన మర్యాద.

రెండవ ఋణము స్త్రీలది. ఈ అయిదు నౌకలకు ముందు గోవాలో నిర్మించిన కావలినౌకలకు సరోజినీ నాయుడు, దుర్గాబాయి దేశముఖ్ మొదలగువారి పేర్లు పెట్టిరి. సరోజినీదేవి మా హైదరాబాదు ఆడుబిడ్డ. దుర్గాబాయమ్మ రాజమహేంద్రవరమున పుట్టి ఆంధ్రమహిళాసభను స్థాపించిన పుణ్యమూర్తి. నౌకల ముక్కుపై స్త్రీల పేర్లు ఇన్ని మెఱయుచుండగా, లోపల స్త్రీల స్థానమెట్లున్నది? 1990వ దశకము నుండి దళమున స్త్రీలను అధికారులుగా చేర్చుకొనుచున్నారు. కాని స్వల్పకాలపు నియామకముపై వచ్చినవారు పదునాలుగేండ్లు సేవ చేసియు స్థిరోద్యోగము లేక వెలుపలికి పోవలసివచ్చెను. అట్టి యొక విమానాధికారిణి మొఱ విని, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్త్రీల నిట్లు విడిచిపెట్టుట తగదనియు, ప్రభుత్వము చేయనిచో తామే చేయవలసివచ్చుననియు హెచ్చరించినది. పేరు పెట్టుట సులభము. పదవి యిచ్చుట కష్టము. మన యిండ్లలోను ఈ రీతియే కదా! ఆడుబిడ్డకు లక్ష్మి యనియు సరస్వతి యనియు పేరు పెట్టి, చదువు పదవతరగతితో నిలుపువారు మా యూర నేటికిని లేకపోలేదు.

ఇచ్చట మఱల ఆ సంస్కృతవాక్యమునకే రావలసియున్నది. 'వయమ్' అను పదమునకు లింగభేదము లేదు. పురుషుడు పలికినను, స్త్రీ పలికినను అదే రూపము. రామశబ్దమును, రమాశబ్దమును వేఱువేఱుగా వల్లించిన విద్యార్థి అస్మచ్ఛబ్దమునకు వచ్చుసరికి మూడు లింగములకు నొకే పాఠమని తెలిసి సంతోషించును. దళము తెలిసి యెన్నుకొన్నదో తెలియక యెన్నుకొన్నదో, స్త్రీపురుషుల నిరువురను సమముగా ఇముడ్చుకొను పదమునే తన ముందుంచుకొన్నది. వ్యాకరణము ఒప్పిన దానిని ఆచరణము కూడ ఒప్పవలెను.

పాఠకులు, అందును గృహిణులు, ఇందు తాము చేయదగిన దేమని అడుగవచ్చును. తీరమున బంధువులు గలవారు 1554 అను సంఖ్యను వారికి చెప్పియుంచుడు. సముద్రమున నాపద కలిగినచో తీరరక్షకదళమును పిలుచుటకు అది రుసుము లేని టెలిఫోను. లెక్కలును భౌతికశాస్త్రమును చక్కగా నేర్చు బాలిక యింట నున్నచో ఉపాధ్యాయవృత్తి, వైద్యవృత్తులతో పాటు ఈ కొలువును గూర్చియు ఆమెకు చెప్పుడు. సముద్రము దూరమని సందేహింపవలదు. ఎద్దుమైలారము నుండి విశాఖకు ఒక తుపాకి పోగలిగినప్పుడు సంగారెడ్డి నుండి ఒక బాలిక పోలేదా? రాణీ రాసమణి నౌకపై నాయకురాలుగా నిలుచు నధికారిణి మన మెట్టప్రాంతపు ఇంటి నుండి బయలుదేరినదని వినిన నాడు, ఆ నౌక చరిత్రమున మఱియొక పుట చేర్చి వ్రాయుటకు మేము సిద్ధముగా నుందుము.